ఊరు మెచ్చుకున్న పాపానికి

పోయిన వారం కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా అక్క ఇంటి పక్క పోర్షన్లో ఉండే పూలమ్మే ఆమె చేసింది. "అన్నా, అక్క పొయ్యిందన్నా. కాఫీ తాగతా తాగతా అట్లే గోడకు ఒరిగిపొయ్యింది. నువ్వు వచ్చెయ్" అని చెప్పి, ఏడుపు ఆపుకోలేక పెట్టేసింది.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. కానీ మా అక్క బతుకును ముంచింది మంచి మాటలే. కాబట్టి నేను కోపంగానే రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు పేజీ తిప్పేయండి.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. పుంగనూరులో పుట్టింది. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేతులకు హవాయి చెప్పులు తొడుక్కొని, వాటి మీద బరువు మోపి, ఒంటిని ముందుకు జరుపుకుంటూ ఊరంతా తిరిగేది. ఎవడైనా నిలబడి నోరు తెరిచి చూస్తే ఊరుకునేది కాదు. "ఏమప్పా అట్ల సూస్తాండావు? నువ్వు కాళ్ళకేసుకున్యావు, నేను చేతులకేసుకున్యా. రెండూ ఒకే అంగట్లో కొన్నెవే" అనేది.

మదనపల్లె కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు రోజూ బస్సు. వికలాంగుల సీట్లో ఎవరో ఒక పెద్దమనిషి దర్జాగా కూర్చొని ఉండేవాడు. కండక్టర్‌ను అడిగితే, "ఎవరూ లేరని కూసున్యాడులేమ్మా, సర్దుకో" అన్నాడు ఒకసారి. "ఇప్పుడు నేనుండా గదన్నా. బాగా సూడు, నాలో ఇంకా ఏమన్నా తక్కువ కావాల్నా ఆ సీటుకు?" అంది అక్క. బస్సంతా నవ్వింది. పెద్దమనిషి లేచాడు. అక్క మాత్రం నవ్వలేదు. దిగాక, ఆ రోజు తోడు పోయిన నాతో అంది: "వాళ్ళు నవ్వితేనే నాకు సీటొస్తాదిరా. అడిగితే రాదు." అప్పుడు నాకది మామూలు మాటలా వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. హక్కుగా రావాల్సిన చెక్క సీటు కోసం ఒక మనిషి రోజూ ఊరికి వినోదం పంచాలా?

తొంభైల మొదట్లో వికలాంగుల కోటా కింద ఆమెకు ఎస్టీడీ బూత్ వచ్చింది. పుంగనూరు బస్టాండు దగ్గర పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది. కాగితాల్లో బూత్ అక్కది. కుర్చీలో కూర్చునేది వాళ్ళ అన్న. ఇది మా ఇంటి వింత కాదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా అడగండి, కోటా ఎవరిదో, కుర్చీ ఎవరిదో. అక్క కొన్నాళ్ళు చూసి, నా బూత్‌లో నేను కూర్చుంటానంది. అన్న నవ్వాడు. మళ్ళీ అడిగింది. కొట్టాడు. మూడోసారి అడిగినందుకు ఇంటి వెనక వేరుశనక్కాయల కొట్టులో వేసి బయట గొళ్ళెం పెట్టాడు. అన్నం పళ్ళెం కిటికీలోంచి లోపలికి తోసేవాళ్ళు. ఇరుగుపొరుగుకు తెలుసు. అందరికీ తెలుసు. కాయలు తూకం వేయడానికి వచ్చిన హమాలీలు తలుపు తీస్తే, వాళ్ళ మధ్యనుంచి పాక్కుంటూ బయటపడి పోలీస్ స్టేషన్‌కు పోయింది.

అక్కడి అధికారి ఆమెను కూర్చోమనలేదు, ఎలాగూ నేల మీదే ఉంది కాబట్టి. "అన్న కాకుంటే నిన్ను ఎవురు సూసుకుంటారమ్మా? ఇంటి గలాటా ఇంట్లోనే తీర్సుకోవాల" అన్నాడు. అన్నకే కబురు పంపాడు. అన్న ఆటో తెచ్చి, అందరి ముందూ ఎంతో ప్రేమగా ఎత్తి కూర్చోబెట్టుకొని తీసుకుపోయాడు. చూసినవాళ్ళు, "పాపం, ఎంత ఓపికో ఆ పిల్లోడికి" అనుకున్నారు. తర్వాత కొద్ది కాలానికే వికలాంగుల కోసం దేశంలో చట్టం వచ్చింది. పేపర్లన్నీ రాశాయి. మున్సిపల్ ఆఫీసు మెట్లు మాత్రం ఎన్ని ఉండేవో అన్నీ ఉన్నాయి. ఆ స్టేషన్‌కూ మెట్లే. కొట్టుకు గొళ్ళెమూ ఉంది.

రెండు వేల సంవత్సరం దాటాక మదనపల్లెలోని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు వికలాంగ మహిళల సభ కోసం కొందరిని ఇంగ్లండ్ తీసుకుపోయారు. వాళ్ళలో అక్క ఒకతె. పేపర్లో పేరు పడుతుందని అన్న కూడా అడ్డు చెప్పలేదు. సభ అయిపోయింది. అందరూ తిరిగొచ్చారు. అక్క రాలేదు. అక్కడి ప్రభుత్వాన్ని ఆశ్రయం అడిగింది: నన్ను వెనక్కి పంపితే మళ్ళీ ఆ కొట్టులో వేస్తారు, నాకు కాళ్ళు లేవు కాబట్టే వేస్తారు, కాళ్ళు లేవు కాబట్టే ఎవరూ తలుపు తీయరు, నన్ను పంపొద్దు అని.

ఊళ్ళో పెద్ద రచ్చ. దేశం పరువు తీసింది అన్నారు. నేను నాకు తెలిసిన చిన్న పత్రికలో ఒక వ్యాసం రాశాను, పరువు తీసింది ఆమె కాదు, గొళ్ళెం పెట్టిన చెయ్యి అని. నాలుగు బెదిరింపు ఉత్తరాలొచ్చాయి.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గొంతులో అంత వెలుగు నేనెప్పుడూ వినలేదు. "రేయ్, ఈ దినం ఏం సేసినానో తెల్సా? బ్యాటరీ కుర్సీలో నేనొక్కదాన్నే పొయ్యి బ్రెడ్డు కొనుక్కోనొచ్చినా. యాడా ఒక్క మెట్టు లేదురా. ఎవురూ అయ్యో అన్లేదు. వాన పడతాండాది, తడిసినా కూడా." ఆమె కోరుకున్నదల్లా అదే అని నాకు ఆ రోజు అర్థమైంది. తన బ్రెడ్డు తాను కొనుక్కొని, తన వానలో తాను తడవడం. ఆ దేశం గొప్పదని నేను చెప్పడం లేదు. తరాల తరబడి మన నెత్తినెక్కి కూర్చున్న దేశం అది, దాని మీద నాకు వేరే లెక్కలున్నాయి. నేను చెబుతున్నది ఒక వాలు దారి గురించి.

ఆమె వకీలు అడిగింది ఒక్కటే. ఊళ్ళో ఏం జరిగిందో చూసినవాళ్ళు రాసిస్తే బలం అని. మనుషులకు ఆశ్రయం ఇవ్వడానికి ప్రపంచం ఒప్పుకున్న కారణాలు కొన్నున్నాయి. జాతి, మతం, దేశీయత, రాజకీయాభిప్రాయం, ఫలానా సామాజిక బృందానికి చెందడం. అంగవైకల్యం అన్న మాట అందులో లేదు. కాళ్ళు లేనివాళ్ళూ ఒక బృందమే, వాళ్ళను వాళ్ళుగానే హింసిస్తారు అని సందు చూసుకొని వాదించాలి. దానికి సాక్ష్యం కావాలి. నేను చూసింది నేను రాసి పంపాను. తమ్ముడివి కాబట్టి నీ మాట సగమే చెల్లుతుందన్నారు. పుంగనూరు పోయి ఇల్లిల్లూ తిరిగాను.

ఎవరూ కాదనలేదు. అదీ తమాషా. "మన పాప గదప్పా, రాయకుండా ఉంటామా?" అన్నారు. అందరూ కలిసి బియ్యం మిల్లాయన దగ్గరికి పోయారు. ఊళ్ళో ఆయన మాటకు విలువ, ఇంగ్లీషు రాయించగలడు. నేను పోయేసరికి మిల్లులో కాగితం తయారైంది. ఆయన చదివి వినిపించాడు: ఈమె మా ఊరి ముద్దుబిడ్డ, మంచి నడవడిక గలది, ఊరంతా ఈమెను కన్నబిడ్డలా చూసుకుంటుంది, ఈమెకు ఏ లోటూ రానివ్వలేదు, ఇక మీదటా రానివ్వం.

"ఏందయ్యా ఇది!" అని అరిచాను. "కొట్టులో వేసినారని రాయమంటే ముద్దుబిడ్డంటారేంది?"

మిల్లాయనకు నిజంగానే అర్థం కాలేదు. "నీకేమన్నా మతి పొయ్యిందా అప్పా? ఫారిన్‌లో ఉండనియ్యమని అడగతాండాది పాప. కాండక్ట్ సర్టిఫికెట్ అంటే మంచిగా రాయాల్నా, సెడ్డగా రాయాల్నా? ఇంట్లో తన్నులు తినిందంటే వాళ్ళు ఏమనుకుంటారు? ఈమె యా తప్పు సేసిందో ఏమో అనుకోరా?"

"తప్పు సేసింది ఆమె కాదు గదా!"

"అది మనకు తెల్సు. దొరలకు యాడ తెల్సు?"

పక్కనున్న అన్న కూడా సంతకం చేశాడు. అందరికంటే ముందు చేశాడు. ఒకాయన తన పాత హెడ్మాస్టర్ సీలు తెచ్చి కొట్టాడు. ఇంకొకాయన తన సహకార సంఘం సీలు కొట్టాడు. ఉద్యోగానికైనా, పెళ్ళికైనా, బాడుగ ఇంటికైనా మనిషి బయటికి పోతుంటే నాలుగు మంచి మాటలు, నాలుగు సీళ్ళు వేసి పంపడం మన అలవాటు. ఆ అలవాటు ప్రేమతోనే ఆమె మెడకు చుట్టుకుంది. సగం ప్రేమ. మిగతా సగం ఏమిటో నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. నేను లాక్కోబోతే ఇద్దరు నన్ను పట్టుకున్నారు. మిల్లాయన తన ఖర్చుతోనే, నేరుగా ఇంగ్లండ్‌లో ఆశ్రయం తేల్చే ఆఫీసు అడ్రసుకే పోస్టు చేయించాడు.

తీర్పు వచ్చింది. అక్క ఫోన్లో చదివి చెప్పింది. మీ దేశంలో వికలాంగులకు రక్షణగా చట్టం ఉంది. మీ ఊరి పెద్దలు, మీ అన్నతో సహా, మిమ్మల్ని ఎంతో ఆదరిస్తున్నట్లు రాశారు. మీ తమ్ముడి మాట ఒక్కటే దానికి విరుద్ధంగా ఉంది. ఒకవేళ ఆ ఊళ్ళో ఇబ్బంది అయితే, మీ దేశం పెద్దది, ఇంకో ఊరికి పోయి బతకవచ్చు.

ఇంకో ఊరికి పోయి బతకవచ్చు! కాళ్ళు లేని ఒంటరి ఆడమనిషికి ఇల్లు బాడుగకిచ్చే ఊరి పేరు కూడా రాసి ఉంటే బాగుండేది. అక్కడ ఒక చల్లటి గదిలో కూర్చొని మన చట్టం చదివినవాడికి మన మెట్లు తెలియవు. ఇక్కడ మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు మన చట్టం తెలియదు. మధ్యలో మనిషి నేల మీద పాక్కుంటూ పోవాలి. "ఊరు నన్ను మెచ్చుకున్న పాపానికి ఓడిపొయ్‌నానురా" అంది అక్క. అప్పీలూ పోయింది. పంపేశారు.

బెంగళూరులో దిగి రైలెక్కింది. పుంగనూరు పోలేదు. కుప్పం స్టేషన్లో దిగింది. ఎందుకు అంటే, ఆ రైలు ఆగే ఊళ్ళలో తెలుగు వినిపించేదీ, తనను ఎరిగినవాళ్ళు లేనిదీ అదొక్కటే అంది. నేనూ పోయి కలుసుకున్నాను. ఎన్ని ఇళ్ళు తిరిగామో. ఒకామె, "మా బాత్రూం మీకు కష్టమవతాదమ్మా" అని ఎంతో మర్యాదగా తలుపేసింది. ఒకాయన, "మీకేమన్నా అయితే నా మీదికొస్తాది" అన్నాడు. చివరికి బస్టాండు వెనక సందులో పూలమ్మే ఆమె తన పోర్షన్ పక్క గది ఇప్పించింది. అరవం కలిపిన తెలుగు ఆమెది. "మెట్టుంటే ఎన్న? నా మరిది గ్రానైట్ ఫ్యాక్టరీలో ఉండాడు. ముక్క రాయి తెచ్చి వాలుగా పరిచేస్తాం" అంది. రెండో రోజుకల్లా పరిచారు కూడా. చట్టం చేయలేని పని.

అక్క ఆ గదిలో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పింది. గుడుపల్లె నుంచి కూడా పిల్లలొచ్చేవాళ్ళు. పేపర్ వస్తే నా వ్యాసాలు వెతికి ఫోన్ చేసి తిట్టేది: "అంత పొడుగు యాల రాస్తావురా? కోపమొస్తే పొట్టిగా తిట్టు, బాగా తగల్తాది." అన్న రెండుసార్లు కారు వేసుకొని వచ్చాడు, ఇంటికి రమ్మని. బూత్‌లు పోయి సెల్‌ఫోన్లొచ్చినా, ఆమె పేరిట తాను తీసుకుంటున్న పింఛను కాగితాలకు ఆమె వేలిముద్ర కావాల్సి వచ్చింది. రెండుసార్లూ పూలమ్మే ఆమె గుమ్మంలో బుట్ట పెట్టుకొని కూర్చుంది. అంతే. లేవలేదు.

పోయిన వారం నేను కుప్పం చేరేసరికి సందు నిండా జనం. ట్యూషన్ పిల్లలు, వాళ్ళ తల్లులు, గ్రానైట్ పనివాళ్ళు. నా వెనకే పుంగనూరు నుంచి వ్యాన్ వచ్చింది. బంతిపూల దండలు కట్టి, ముందు ఫ్లెక్సీ బిగించి ఉంది. 'మా ఊరి ముద్దుబిడ్డకు కన్నీటి వీడ్కోలు'. అక్క ఫోటో చిన్నది, మిల్లాయన ఫోటో పెద్దది. ఆ ఫ్లెక్సీ మీది మిల్లాయనే వ్యాన్‌లోంచి దిగాడు. వెనకే అన్న.

"ఆడబిడ్డకు పుట్టినూరి మట్టే పడాల. ఊరంతా ఎదురుసూస్తాండాది. ఎత్తండప్పా" అన్నాడు అన్న.

"యాడికప్పా ఎత్తేది?" అంది పూలమ్మే ఆమె. "బతికుండంగ పోనని చెప్పె. సచ్చినాక ఎందుకు పోతాది?"

"నువ్వెవురమ్మా? మేం రక్తసంబంధం" అన్నాడు మిల్లాయన. ఆయనకు మాకు ఏ సంబంధమూ లేదు.

ఎవరో కానిస్టేబుల్‌ను పిలిచారు. అతను కుర్రవాడు, ఇబ్బందిగా అడిగాడు, రక్తసంబంధం ఎవరిది అని. చూడండి, ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే ప్రశ్న. ఆమెకు ఏం కావాలని కాదు, ఆమె ఎవరిది అని. నేను ముందుకు పోయాను. "నేనూ రక్తమే. ఆమె ఈడనే ఉంటాది" అన్నాను. నా నోట్లోంచి అంత పొట్టి వాక్యం ఎప్పుడూ రాలేదు. కానిస్టేబుల్ నన్ను చూశాడు, అన్నను చూశాడు, సందులో ఉన్న జనాన్ని చూశాడు. "మీరు మీరు తేల్చుకోండి సార్" అని గోడ పక్కకు పోయి నిలబడ్డాడు.

ఎవరూ గొడవ పడలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ రాతి వాలు మీదా, దాని కింద నేల మీదా కూర్చున్నారు. తర్వాత పిల్లలు కూర్చున్నారు. తర్వాత గ్రానైట్ పనివాళ్ళు తువ్వాళ్ళు పరుచుకొని కూర్చున్నారు. నిలబడి ఉన్నది అన్న, మిల్లాయన ఇద్దరే. చుట్టూ అందరూ నేల మీద ఉంటే, వాళ్ళు తమ కాళ్ళను ఏం చేసుకోవాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ కదిలారు.

తర్వాత వ్యాన్ ఎక్కారు. తిప్పుకోవడానికి సందు చాలదు. ఎవరూ జరగలేదు. డ్రైవర్ తల బయటికి పెట్టి, వెనక్కి, వెనక్కి, మెయిన్ రోడ్డు దాకా వెనక్కే పోయాడు. ముందున్న ఫ్లెక్సీ మా వైపే చూస్తూ, చిన్నదై, చిన్నదై, మలుపు దగ్గర బంతిపూలు ఒకసారి ఊగి, కనిపించకుండా పోయింది.