దక్షిణానికే జరిగిన కర్సర్

ఇందుకూరుపేట మండలం, సముద్రానికి రెండు కిలోమీటర్ల ఇవతల. మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. తెర మధ్యలో వదిలిన మౌస్ కర్సర్ ఎవరూ తాకకుండానే కుడి అంచుకు చేరడానికి పద్నాలుగు సెకన్లు పట్టింది. మళ్లీ కొలిచాను. పద్నాలుగే.

ఎవరైనా దయ్యం మాట ఎత్తితే ముందు ఎర్తింగ్ చూసుకోమనే మనిషిని నేను. ఎలక్ట్రానిక్స్ చదువుకున్నాను. రొయ్యల గుంటల్లో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లకు కంప్యూటర్ నియంత్రణ అమర్చడం నా వృత్తి. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. జరిగినది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాధవయ్యకు నాలుగు గుంటలు. షెడ్డులోని లాప్‌టాప్ నుంచే ఏరియేటర్లన్నీ నడుస్తాయి. తెర కుడి అంచున ‘అన్నీ ఆపు’ అనే మీట ఉంటుంది. కర్సర్ దానంతటదే అక్కడికి పోయి యంత్రాలను రెండుసార్లు ఆపేసిందని ఆయన నన్ను పిలిపించాడు. గాలి అందకపోతే రొయ్య కొద్ది గంటలు కూడా బతకదు. పంట పట్టడానికి ఇంకా మూడు వారాలుంది.

డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాను. టచ్‌ప్యాడ్ తుడిచాను. ఉప్పుగాలికి ఇలాంటివి పాడవడం మామూలే కనుక, చివరికి దాని కేబుల్ ఊడదీశాను. ఆ కేబుల్ నా చేతిలో ఉండగానే కర్సర్ కుడికి జరిగి, మీట మీద ఆగి, నొక్కింది. బయట యంత్రాల చప్పుడు ఆగిపోయింది.

కీబోర్డుతో మళ్లీ నడిపించి, నా సొంత లాప్‌టాప్ అదే బల్ల మీద పెట్టాను. దానిలోనూ కర్సర్ కుడికే జరిగింది. ఆ రాత్రికి యంత్రాలను కంప్యూటర్‌తో పని లేని చేతి స్టార్టర్ మీద వదిలి, రెండింటినీ నెల్లూరు తెచ్చి చూస్తే, రెండింటిలోనూ కర్సర్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మర్నాడు షెడ్డులో బల్లను తిప్పి చూశాను. తూర్పు ముఖంగా కూర్చుంటే కుడికి జరిగింది. దక్షిణం ముఖంగా పైకి, పడమర ముఖంగా ఎడమకు. అంటే దానికి తెరతో పని లేదు, దక్షిణానికి పోతోంది. అవతలి గట్టు మీద పెడితే కొంచెం వాలుగా జరిగింది. రెండు చోట్ల నుంచీ అది పోయిన దిక్కున మ్యాపు మీద గీతలు గీశాను. అవి కలిసిన చోట, పక్క చేలో, ఒక బోరు ఉంది.

“అది కాంతమ్మ బోరు గదా,” అన్నాడు మాధవయ్య. తరవాత నవ్వాడు. “చచ్చిపోయినామె కంప్యూటర్ ఎప్పుడు నేర్చుకునిందబ్బయ్యా?”

మిగతాదీ ఆయనే చెప్పాడు. గుంటల ఉప్పునీరు ఊరి, కాంతమ్మ రెండున్నర ఎకరాల మాగాణి చవుడు తేలింది. బోరునీళ్లు నోట పెట్టలేనివయ్యాయి. నడుమ ఆ నీటిని పక్కకు మళ్లించే ఊట కాలువ తవ్వించమని ఆమె రెండు పంటకాలాలు అడుగుతూనే ఉంది. ఆఖరిసారి తన చేలో పేరిన తెల్లమన్ను కొంగులో తెచ్చి షెడ్డు గడపలో ఎత్తి పోసింది.

“నా చేలో గింజ నిలవకుండా చేసినావు. నీ గుంటలో ఊపిరి నిలవదు పో!” అనిందట. ఆ ఎండాకాలమే ఆమె పోయింది.

“ఇప్పుడైనా కాలువ తవ్వించన్నా,” అన్నాను.

“ఆమె ఉన్నప్పుడే తవ్వలా. పోయినాక భయపడి తవ్వితే ఊరు నవ్వదా?”

యంత్రాలను చేతి స్టార్టర్‌ మీదే ఉంచమన్నాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ వేయడానికి రేయింబవళ్లు మనిషిని కాపలా పెట్టడం తన వల్ల కాదన్నాడు. ఇక నాకు తోచింది ఒక్కటే. బల్లను పడమర ముఖంగా తిప్పి, కర్సర్ ఏ మీటా లేని ఎడమ అంచుకు పోయేలా చేశాను. బల్ల కదిలించవద్దని గట్టిగా చెప్పాను. రెండు వారాలు అది ఆ అంచునే పడి ఉంది.

తరవాత ఒకరోజు మబ్బు పట్టి, సముద్రం వైపు నుంచి వాన కొట్టింది. తూర్పు తలుపులోంచి జల్లు కీబోర్డు మీద పడుతోందని, తెర అడ్డుగా ఉంటుందని, మాధవయ్య బల్లను మళ్లీ తూర్పు ముఖంగా తిప్పి భోజనానికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేసరికి యంత్రాలు ఆగి ఉన్నాయి. నేను చేరేసరికి గట్టు పొడుగునా రొయ్యలు తేలి ఉన్నాయి. ఆయన నవ్వలేదు.

కర్సర్ ‘అన్నీ ఆపు’ మీద ఉంది. కేబుల్ ఊడిన టచ్‌ప్యాడ్ ఊడినట్టే ఉంది. ఆనాటి నుంచి బల్లను ఏ వైపు తిప్పినా కర్సర్ మళ్లీ జరగలేదు. అది జరగడానికి ఏదో ఒక కారణం ఊహించగలను. నొక్కడానికి ఊహించలేను. పని అయిపోయినట్టు ఊరుకోవడానికి అసలే ఊహించలేను.

మాధవయ్యకు పోయినవి: నాలుగు గుంటల రొయ్యలు, సుమారు ఏడు టన్నులు.

నాకు: ఊడదీసినందుకు కొనిచ్చిన ఒక టచ్‌ప్యాడ్.

కాంతమ్మకు: రెండున్నర ఎకరాల మాగాణి, ఒక మంచినీళ్ల బోరు.

ఊట కాలువకు అయ్యే ఖర్చు: పొక్లెయిన్‌కు ఒక్కరోజు బాడుగ.