మోటారుకు మిస్డ్ కాల్

మా మరిది పానకాలు కంటికి పనికిరాని వస్తువంటూ ఉండేది కాదు. మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీల్లో పారేసిన స్టార్టర్లు, రిలేలు, తెగిన వైర్లు గోతానికెత్తి సైకిలు మీద వేసుకొచ్చేవాడు. నేను పక్కింటి గుమ్మంలోంచి, "ఏం మరిదీ, ఇవాళ ఎవరి కొంప ముంచుతావు?" అనేదాన్ని. "మీదే వదినా, దగ్గర కదా" అనేవాడు. ఎంత మాటన్నా ఆ మనిషికి కోపం రాదు, అదే నా మంట.

ఒక ఏడు మిరప కల్లానికి వాన గంట కట్టాడు. ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ పీలిక, దానికి అటొకటి ఇటొకటి వైరు, ఇంట్లో బెల్లు. చినుకు పడి గుడ్డ తడిస్తే బెల్లు మోగాలి. మోగనే మోగింది. వీధి వీధంతా పట్టాలు పట్టుకుని కల్లానికి పరిగెత్తాం. తీరా చూస్తే మాడు పగిలే ఎండ. అతని భార్య కోటిరత్నం చెంబుతో నిలబడి బిత్తరపోయి చూస్తోంది. ఎండుకాయను టిక్కీ బస్తాల్లో తొక్కేముందు విరక్కుండా నీళ్ళు చిలకరిస్తాం కదా, ఆ నీళ్ళే గుడ్డ మీద పడ్డాయి! అందరం తిట్టీ తిట్టీ నవ్వాం. వాళ్ళ అమ్మాయి బిందుమాధవి మాత్రం నవ్వలేదు. "గుడ్డను ఇంకొంచెం పైకి కడదాం నాన్నా" అంది. ఆ పిల్ల అప్పుడు పదో తరగతి. తండ్రి పిచ్చిలో సగం దానికొచ్చింది.

ఆ తండ్రీకూతుళ్ళు కలిసి చేసిన వాటిల్లో ఊరు మెచ్చింది మోటారు ఫోను. వాళ్ళ బోరు ఇంటికి చాలా దూరం. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. వచ్చిందని పరిగెడితే గట్ల మీద పాములు. పానకాలు ఒక పాత సెల్లు కొనుక్కొచ్చాడు. ఫోనొస్తే సెల్లు వణుకుతుంది చూడండి, ఆ వణికించే వైర్లు బయటికి లాగి, రిలేకి కలిపి, స్టార్టరుకి తగిలించాడు. జేబులో ఉన్న తన సెల్లు నుంచి ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది. ఇంకోటిస్తే ఆగుతుంది. మనవాళ్ళకు మిస్డ్ కాల్ అంటే ఎంత ముద్దో చెప్పాలా? బస్సెక్కితే ఒకటి, దిగితే ఒకటి, కూర ఉడికితే ఒకటి. పైసా ఖర్చు లేకుండా కబురు చేరిపోతుంది. "మనుషులకే లేదు, మోటారుకి సెల్లంట!" అని ఎగతాళి చేసిన వాళ్ళే ఆ తర్వాత మాకూ ఒకటి కట్టమని మోటారు షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ ఏడే బిందును ఇంటర్‌కి గుంటూరులో హాస్టల్లో వేశారు. పిల్ల ఇంజనీరు కావాలని కోటిరత్నం పట్టుదల. ఆదివారం మాత్రం రూపాయి వేసి మాట్లాడే హాస్టలు కాయిన్ బాక్సు నుంచి ఇంటికి మాట్లాడనిస్తారు. వెనకాల పిల్లల లైను, పక్కనే వార్డెను.

"బాగున్నావా?"

"బాగున్నా."

"తింటున్నావా?"

"తింటున్నా."

అంతే. "బాగానే ఉందంట అక్కా" అని కోటిరత్నం వచ్చి నాతో చెప్పేది. చెబుతూ నా మొహం వంక చూసేది, నేనూ అవునంటానేమోనని. నేను అవునే అనేదాన్ని.

కొన్నాళ్ళకు మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఎవరూ ఫోను ముట్టుకోరు, చేలో మాత్రం నీళ్ళు పారుతుంటాయి. మిరపకు నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళి చస్తుంది. ఒక మూల చెట్లు తలలు వేలాడేశాయి. కోటిరత్నం శివాలెత్తింది. "నీ సెల్లు తగలెయ్య! ఏ గాడిదో రాంగు నంబరు కొడుతున్నాడు. ముందా నంబరు మార్పించయ్యా!"

"మారుస్తాలేవే" అన్నాడు. మార్చలేదు. పార తీసుకుని బోరు దగ్గర చేలోకి పోయే కాలవకు అడ్డం వేశాడు. పక్కనున్న బీడు గుంటలోకి కొత్త కాలవ తీశాడు. చేనుకు నీళ్ళు కావాల్సినప్పుడు అడ్డం తీస్తాడు, లేనప్పుడు వేస్తాడు. ఆ గుంటలో చేమదుంపలు పాతాడు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమన్నా పిచ్చా మరిదీ? నంబరు మార్చమంటే కాలవ మారుస్తావా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాంగు నంబరు కాదు వదినా, మోటారు సెల్లులో చూశాను. ఆదివారాలు నా సెల్లుకు వచ్చే నంబరే, ఆ హాస్టలు కాయిన్ బాక్సుది. రూపాయి వెయ్యకపోయినా రింగు పోతుంది కదా, నాకు చేస్తే కంగారు పడతానని మోటారుకు చేస్తోంది. మా బిందు నీళ్ళు పెడుతోంది వదినా."

పిల్లకు బెంగ పుట్టినప్పుడల్లా అక్కడ నంబరు నొక్కుతోంది, ఇక్కడ తండ్రి కాళ్ళ దగ్గర నీళ్ళు పారుతున్నాయి. "రత్నానికి చెప్పకు, హాస్టలుకెళ్ళి రచ్చ చేస్తుంది. పిల్ల మెల్లగా అలవాటు పడుతుందిలే" అన్నాడు. నేను చెప్పలేదు. చేమ ఆకులు చేటలంత విచ్చుకున్నాయి. వాటిని చూస్తే ముద్దొచ్చేది, పిల్ల గుర్తొచ్చి దిగులూ వేసేది.

మిరప కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అందరం చేలోనే ఉన్నాం. మోటారు తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. "మోటారుకి పొలమారిందే! ఎవరో తలుచుకుంటున్నారు" అని కోత కూలీలు పగలబడి నవ్వారు. పానకాలు నవ్వలేదు. సెల్లు తీసి హాస్టలు ఆఫీసుకు చేశాడు. పిల్లలు క్లాసుల్లో ఉంటారు, ఆదివారం మాట్లాడుకోండని పెట్టేశారు. మోటారు మళ్ళీ తిరిగింది. "వదినా, పిల్లకేదో అయింది. నేను పోతున్నా" అంటూ కట్టుకున్న లుంగీతోనే రోడ్డెక్కి, గుంటూరు వైపు పోయే రాళ్ళ లారీ ఆపి ఎక్కేశాడు.

"ఏ పిల్లకక్కా?" అంది కోటిరత్నం.

చెప్పాను. ఆవిడ నోటికి జడిసి ఇంతకాలం దాచాం కదా, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కోసిన కాయ ఒడిలోంచి రాలిపోతుంటే షెడ్డులోకి పరిగెత్తింది. నేనూ వెనకాలే పోయాను. అప్పుడే ఆ సెల్లు మళ్ళీ వెలిగింది. పచ్చ బటను నొక్కి నోటికి ఆనించుకుంది.

"బిందూ! నేనే, అమ్మనే!"

అవతల చడీచప్పుడు లేదు. ఎలా ఉంటుంది? ఆ ఫోనులో వినపడే బిళ్ళను మా మరిది ఎప్పుడో పీకి ఇంకో యంత్రంలో పెట్టాడు. నేను అదే చెబుతున్నా కోటిరత్నం ఆగితేనా!

"నాన్న బయల్దేరాడే! వచ్చేదాకా అక్కడే నిలబడు, ఎవరేమన్నా కదలకు. చదువూ లేదు, గిదువూ లేదు, ఇంటికొచ్చెయ్. నాకు నువ్వు కావాలే తల్లీ, నువ్వుంటే చాలు!"

దానంతటదే లైను తెగిపోయింది. ఆ తర్వాత సెల్లు వెలగలేదు. మోటారు కదల్లేదు. కోటిరత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ మట్టిలోనే కూర్చుంది. "ఎత్తి చెడగొట్టానా అక్కా? ఎత్తకుండా ఉంటే మోటారన్నా తిరుగుతూ ఉండేది. పిల్ల ఉందని తెలిసేది" అని నెత్తి కొట్టుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. దేవుడా, ఈ ఒక్కసారికి అని మొక్కుకున్నాను.

పొద్దుగూకే వేళకు తండ్రీకూతుళ్ళు వచ్చారు, నేరుగా చేలోకే. పిల్ల చిక్కి సగమైపోయింది. రోజూ క్లాసులో లేపి నిలబెట్టి తిడుతున్నారట. ఆ రోజు ఇక నావల్ల కాదనుకుని, ఎటన్నా పోయి మళ్ళీ ఎవరికీ కనబడకూడదని గేటు దాకా వెళ్ళిందట. పోయేముందు ఒక్కసారి మోటారు వేద్దామని వెనక్కొచ్చిందట. ఇదంతా చెబుతూ పానకాలు ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా నేను చూడ్డం అదే మొదలు.

"నేను వెళ్ళేసరికి ఆ కాయిన్ బాక్సు పక్కనే గోడకి ఆనుకుని ఉంది వదినా. బెల్లు కొట్టినా పోలేదట, వార్డెను రెక్క పట్టుకుని లాగినా కదల్లేదట."

కోటిరత్నం కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది. "ఎందుకే అలా నిలబడ్డావు?"

"నువ్వేగా కదలొద్దన్నావు" అంది బిందు.

"విన్నావా? మరి పలకలేదేమే నా తల్లీ!"

"అన్నీ విన్నానమ్మా. ఆ బాక్సులో రూపాయి వేస్తే గానీ నా మాట నీకు వినపడదు. నా దగ్గర రూపాయి లేదు."