మా సునీతకు పడిన రక్తం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. గవర్నర్‌పేటలో కర్రీ పాయింట్ నడుపుకునేదాన్ని. తెల్లారేసరికి సాంబారు పొయ్యెక్కించాల్సిన మనిషికి దెయ్యాల గురించి ఆలోచించే తీరికెక్కడిది? చర్చిలో ఎవరైనా కలలూ దర్శనాలూ అని మొదలుపెడితే మెల్లగా చెప్పులు వెతుక్కునే రకం నేను.

కానీ మా తమ్ముడి భార్య సునీత కాన్పప్పుడు జరిగింది మాత్రం నా కళ్ళతో చూశాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆడపిల్ల పుట్టింది. మేం మిఠాయిలు పంచుతుండగానే సునీతకు రక్తస్రావం మొదలైంది. ఎంతకీ ఆగలేదు. రక్తం ఎక్కించాలన్నారు. ఆమెది ఓ పాజిటివ్ అని మా అందరికీ తెలుసు. "ఓ గ్రూపే కదండీ, మావాళ్ళలో సగం మందిది అదే" అని డాక్టరమ్మ ముందు గొప్పలు కూడా పోయాను. ఒక్క ఫోను చేస్తే గన్నవరం నుంచి మా వాళ్ళు ఆటో నిండా దిగిపోయారు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదట, దారిలో ఇడ్లీలు లాగించి మరీ వచ్చారు.

తీరా చూస్తే ఒక్కరిదీ పడలేదు. బ్లడ్ బ్యాంకులో ఉన్న ఓ గ్రూపు ప్యాకెట్లదీ అదే తంతు. సునీత నెత్తురుతో కలపగానే విరిగిన పాలలా గడ్డలు కట్టిందట. అప్పుడు తేలింది, ఆమెది బాంబే గ్రూపని. మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుందట. చాలా అరుదు. వాళ్ళకు మళ్ళీ ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి. మామూలు ఓ ఎక్కిస్తే చలీ జ్వరం వచ్చి, కిడ్నీలు దెబ్బతిని, మనిషి దక్కకపోవచ్చని డాక్టరమ్మ చెప్పారు.

ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. దగ్గర్లో ఎవరూ దొరకలేదు. మా తమ్ముడు గోడకానుకుని కూలబడిపోయాడు. నేను సునీతను ఉంచిన ఐసీయూ తలుపు దగ్గర కుర్చీలోంచి కదల్లేదు. టీకి కూడా లేవలేదు. డాక్టర్లూ నర్సులూ తప్ప నన్ను దాటుకుని ఎవరూ బయటికి రాలేదని ఎక్కడైనా చెబుతాను.

మధ్యాహ్నం కాకముందే గ్రీజు మరకల చొక్కాతో ఒకాయన వచ్చాడు. "సునీత గారి తాలూకా ఎవరండీ? రక్తం ఇమ్మన్నారు" అన్నాడు.

పేరు బాషా. వన్‌టౌన్‌లో మిక్సీలు రిపేరు చేస్తాడట. మాకు ముక్కూ మొహం తెలియదు. తన గ్రూపేదో ఆయనకే తెలియదు. "ఎప్పుడూ ఇవ్వలేదండీ, సూదంటే చచ్చేంత భయం" అన్నాడు. "మరెందుకొచ్చావయ్యా?" అని మా మావయ్య విసుక్కున్నాడు. వచ్చినాయన్ని ఎందుకు పోనివ్వాలని పరీక్ష చేయించాం.

బాంబే గ్రూపు!

బ్లడ్ బ్యాంకు వాళ్ళు నమ్మలేక మళ్ళీ పరీక్షించారు. సునీత నెత్తురుతో చక్కగా పడింది. పాపం, ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని రక్తం ఇచ్చాడు. హైదరాబాదు నుంచి మరో ప్యాకెట్ వచ్చేదాకా అదే మా సునీత ప్రాణం నిలబెట్టింది.

ఎవరు పంపారని తర్వాత అడిగాను. "ఒకావిడ షాపుకొచ్చిందండీ. ఆకుపచ్చ గౌను, చేతికి సెలైన్ సూది. పేరు చెప్పింది, ఆసుపత్రి చెప్పింది. అన్నయ్యా, నీ రక్తమే నాకు పడుతుంది, రా అంది. చేతిలో మిక్సీ పక్కనపెట్టి తలెత్తేసరికి లేదు. ఎవరో ఏడిపిస్తున్నారనుకున్నా గానీ మనసాగలేదండీ."

ఐసీయూ అద్దంలోంచి సునీతను చూపించాం. "ఈవిడేనండీ!" అన్నాడు. చచ్చినవాళ్ళు కనిపించారంటే భ్రమ అని కొట్టిపారేసేదాన్ని. ఈమె బతికే ఉంది, ఎదురుగా మంచం మీదే ఉంది. దీన్నేమనాలి?

సునీతను వార్డుకు మార్చాక బాషా యాపిల్స్ పట్టుకుని చూడటానికొచ్చాడు. తల్లీబిడ్డల గ్రూపులు వేరవడంతో పాపకు కాస్త పసిరికలొచ్చాయి. నీలం లైటు కింద కళ్ళకు పట్టీ వేసి పడుకోబెట్టారు. "మేనకోడలు కళ్ళజోడు పెట్టుకుని బీచికెళ్ళినట్టుందే!" అని ఆయన ఒకటే మురిసిపోయాడు.

భయపడుతుందని సునీతకు మేమింకా ఏమీ చెప్పలేదు. రక్తం ఇచ్చిన బాషా గారని మాత్రం పరిచయం చేశాను. ఆమె దణ్ణం పెట్టి, "అన్నయ్యా, మీ షాపులో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఊడి నెత్తిన పడేలోగా బాగు చేయించుకోండి" అంది.

బాషా గబుక్కున నా వైపు చూశాడు.

"నీకెలా తెలుసే?" అన్నాను.

"ఏమో వదినా, నోట్లోంచి వచ్చేసింది" అని తనే తెల్లబోయింది.

ఆ తర్వాత ఊరుకోలేక ఆ షాపుకు వెళ్ళాను. ఫ్యాను నిజంగానే కిర్రుమంటోంది. దాని కింద నిలబడితే ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. ఒంట్లో నెత్తురు లేని పిల్ల, పసిగుడ్డును వదిలి, అంత దూరం ఎలా నడిచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.