ఎలుకల పేపర్‌ని ఎవరెవరు సైట్ చేశారంటే

నేను రాసిన పేపర్లన్నిటిలోకీ ఎక్కువ సైటేషన్లు వచ్చింది ఎలుకల పేపర్‌కే. దాన్ని ఎవరు మెచ్చుకున్నా ఇన్నేళ్ళూ తలూపి ఊరుకున్నాను. అసలు జరిగింది ఇదీ.

రెండువేల తొమ్మిదిలో మోరిస్‌విల్‌లో ఉండేవాళ్ళం. మా ల్యాబ్‌లో తయారైన ఒక మందు ఇస్తే ఎలుకలు తిండి తగ్గిస్తాయని పేపర్ రాశాను. దాని బలం మీదే గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేశాను. మన పేపర్‌ని ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావిస్తే మనం అంత గొప్ప పరిశోధకులమని లెక్క. మా లాయరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇప్పటికి ఎన్ని?" అనేది. ప్రస్తావించి ఏమన్నారో ఒక్కసారీ అడగలేదు.

ఆ లెక్క చూసే పని మా మామగారు తీసుకున్నారు. జిల్లా కోర్టులో గుమాస్తాగా రిటైరై మా దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చి, గడువు పొడిగించుకుని ఏడాది ఉన్నారు. పొద్దున్నే కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చుని, "అల్లుడుగారూ, జపాన్ నుంచి ఒకటి పడింది," అని కేకేసేవారు. గుడికెళ్తే తోటి మామగార్లకి స్కోరు చెప్పేవారు. వాళ్ళ అల్లుళ్ళంతా సాఫ్ట్‌వేర్. పాపం, చెప్పుకోడానికి వాళ్ళకి స్కోరే లేదు.

అప్పుడే మా ల్యాబ్‌లో వరంగల్ అమ్మాయి ఒకామె పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్‌గా చేరింది. నా ప్రయోగమే మళ్ళీ చేసి చూసింది. ఒకరోజు లంచ్‌లో నా డబ్బాలోంచి వంకాయకూర వేసుకుంటూ అడిగింది.

"అన్నా, మందిచ్చిన ఎలుకల బోన్లు ఎక్కడ పెట్టినవ్?"

"కింది అరలో."

"దాని పక్కనే బోన్లు కడిగే మిషన్ ఉంది గదా. ఆ మోతకి భయపడి ఎలుకలు తింటలేవు. మందియ్యని ఎలుకల్ని అక్కడ పెట్టి చూసిన. అవీ తింటలేవు."

నేను డబ్బా మూత పెట్టేశాను. అదంతా పేపర్‌గా రాస్తానంది. అది ఆమెకి మొదటి సొంత పేపర్. ఆమె గ్రీన్‌కార్డ్ దాంతోనే మొదలవ్వాలి.

"నాది అప్రూవ్ అయ్యేదాకా ఆగమ్మా," అన్నాను.

"సరే అన్నా," అంది. ఆగింది కూడా.

చెవులు మా ఊళ్ళోనే ఉండవు కదా. వేరే దేశంలో ఎవరికో అదే మోత వినిపించింది, వాళ్ళు వెంటనే ప్రచురించేశారు. ఇక ఆమె రాసినా కొత్తదనిపించుకోదు. నా సైటేషన్లు మాత్రం ఆ వేసవంతా పుంజుకున్నాయి. గ్రీన్‌కార్డ్ వచ్చేసింది.

ఇంట్లో పార్టీ పెట్టాం. ఆమె కూడా వచ్చింది. అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్న చోటికి మామగారు ఒక ఫైలు తెచ్చారు. నన్ను ప్రస్తావించిన పేపర్లన్నీ ప్రింట్ తీసి, నా పేరున్న వాక్యాల కింద ఎర్రగీతలు గీశారు.

"అల్లుడుగారూ, ఇంతమంది మీ పేరు తలిచారు, సంతోషం. కానీ వీళ్ళు చెప్పేదంతా ఆయనలా చేయకండనే కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మా కోర్టులోనూ అంతే లెండి. పై కోర్టు కొట్టేసిన తీర్పునే అందరూ ఉదహరించేవారు. ఇంతకీ ఈ మిషన్ సంగతి మీకు ముందు తెలీదా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది: "తెల్వలేదంకుల్. ఎవ్వరికీ తెల్వలేదు."

నేను వెళ్ళి అందరికీ పెరుగువడలు వడ్డించాను. ఆ తర్వాత ఆమె ఉత్తరాన నోవై అనే ఊళ్ళో ఒక కంపెనీలో చేరింది. అక్కడ గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్ళతరబడి నిలబడింది.

రెండువేల పదిహేనులో నా పేపర్ వేసిన పత్రికకి ఉత్తరం రాశాను. మిషన్ సంగతి ముందు పట్టుకున్నది ఆమేననీ, నేనే ఎనిమిది నెలలు ఆపాననీ. పంపేముందు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఇప్పుడెందుకన్నా? ఇక్కడ మంచు తీయనీకే టైం లేదు," అంది.

"నీ పేరు ఉండాలి కదమ్మా."

వాకిట్లో పార గీసుకుంటున్న శబ్దం వచ్చింది.

"ఎనిమిది కాదు, తొమ్మిది," అంది.

మార్చి పంపాను.