ఆదివారం కూడా వస్తాం

మొన్న రెండు రోజులు ఊళ్ళో లేను. తిరిగొచ్చి ఫ్రిజ్ తలుపు తీయగానే కుళ్ళిన రొయ్యల కంపు ముఖాన కొట్టింది. కొని ఏడాది కూడా కాని ఫ్రిజ్, చడీ చప్పుడు లేకుండా ఆగిపోయి ఉంది. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని ఆ కంపెనీ వెబ్‌సైట్ తెరిచాను. మంచు కొండలు, నవ్వుతున్న కుటుంబం, ఆ కుటుంబం చేతుల్లో పళ్ళరసం. ఫోన్ నంబరు మాత్రం ఎంత వెతికినా లేదు. మూల నుంచి ఒక బొమ్మ చెయ్యూపుతూ వచ్చి, మీకు ఎలా సహాయపడగలను అని అడిగింది. నా ఫ్రిజ్ చచ్చింది, మనిషిని పంపండి అని రాశాను. "ధన్యవాదాలు! త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాం" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కంపూ నాకు కొత్త కాదు, ఆ వాక్యమూ కొత్త కాదు. ఇరవై ఏళ్ళ క్రితం అచ్చం అలాంటి వాక్యాన్నే నా చేత్తో నేను రాశాను. అందుకు నాకు గడ్డి పెట్టిన మనిషి పేరు నూకరాజు.

విశాఖలో చేపల రేవుకు ఎదురుగా, రేకుల షెడ్డులో ఆయన కంప్రెసర్లు బాగుచేసేవారు. ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యలు నిలవ ఉంచే కోల్డ్ రూములు, బోట్లలోని ఫ్రీజర్లు, ఇదీ ఆయన లోకం. పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. మిషను పక్కన చతికిలబడి, కళ్ళు మూసుకుని కాసేపు విని, రోగం ఏమిటో చెప్పేవారు. ఫోన్ మోగితే కంచం ముందు నుంచి కూడా లేచిపోతారని రేవులో చెప్పుకునేవారు. నేనప్పుడు డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. రేవు గేటు దాకా ఆయన సైకిలు వెనక కూర్చుని ఎన్నోసార్లు వెళ్ళాను గాని, గేటు ఇవతలి జనంతో నాకు పరిచయం లేదు. వాళ్ళకు తెలియనివన్నీ నాకు తెలుసని మాత్రం గట్టి నమ్మకం ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఊళ్ళో ప్రతివాడికీ వెబ్‌సైట్ కావాలి, ఎందుకో ఎవడికీ తెలియదు. ఎవరో ఎగుమతి కంపెనీవాళ్ళు, వెబ్‌సైట్ లేనివాళ్ళకు పని ఇవ్వం అన్నారట. అందుకని నూకరాజు గారు మా యజమాని శ్రీధర్‌కు కబురు పెడితే, ఆయన నన్ను పంపాడు.

"ఎబ్‌సైటంటే ఏటి పాపా?" అని అడిగారు, గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ.

"మీ షెడ్డు బోర్డు లాంటిదేనండీ. కాకపోతే ప్రపంచమంతా చూస్తుంది."

"పెపంచకానికి నాతో ఏటి పని? రేవు సూస్తే సాలు. అయితే ఆ బోర్డు సూసి అలాగే రాసీ."

తలెత్తి చూశాను. పాత రేకు మీద, జానెడేసి అంకెల్లో రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఒకటి షెడ్డుది, ఒకటి ఆనందపురంలో ఇంటిది. వాటి కింద ఏమేం బాగుచేస్తారో రాసి ఉంది. దాని కింద 'ఇంట్లో ఫ్రిజ్‌లు బాగుచెయ్యం' అని ఉంది. అన్నిటికన్నా కింద, ఎర్ర రంగుతో, 'ఆదివారం కూడా వస్తాం'. మీ పేరు లేదేమిటండీ అని అడిగాను. "మిషను ఆగిపోయినోడికి నా పేరెందుకమ్మా? నంబరు కావాల" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోవడానికి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఒక మంచి వెబ్‌సైట్‌కు కావలసినవన్నీ ఆ తుప్పు పట్టిన రేకు మీద వరసగా ఉన్నాయనీ, నేను చదువుకున్న ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదనీ అప్పుడు తట్టలేదు. ఆ తలపొగరు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలు కష్టపడి సైట్ చేశాను. తెరవగానే భూగోళం గిరగిరా తిరిగేది. వెనక వీణ వాయించేది. అలలు ఎగిసిపడి, వాటిలోంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలేవి. అప్పటి ఇంటర్నెట్ సెంటర్లలో అదంతా పూర్తయ్యేసరికి మనిషి బయటికెళ్ళి టీ తాగి రావచ్చు. ఎంతమంది చూశారో చెప్పే మీటరు ఒకటి పెట్టాం, అదీ అయిదువేల నుంచి మొదలయ్యేలా. పైన పటారం, లోన లొటారం. నూకరాజు గారిని ఆఫీసుకు పిలిచి చూపించాను. చాలాసేపు కళ్ళార్పకుండా చూసి, పసుపు టోపీ పెట్టుకున్న ఒక ఫొటో మీద వేలు పెట్టారు.

"ఈ తెల్లోడు ఎవుడు?"

"మోడలండీ. ఊరికే అందానికి."

"ఈడికి కంప్రెసర్ ఇప్పడం వచ్చా?"

శ్రీధర్ పకపకా నవ్వాడు. నూకరాజు గారు నవ్వలేదు. "నంబరేది పాపా?" అన్నారు. నంబరు పెడితే జనం ఫోన్ చేసేసి వెళ్ళిపోతారు, సైట్‌లో ఉండరు అనేది శ్రీధర్ సిద్ధాంతం. అంతంత అంకెలు బజారు వ్యవహారంలా ఉంటాయన్నది నా అభిరుచి. "ఇప్పుడెవరూ ఫోన్లు చెయ్యరండీ. ఈ ఫారం నింపి ఇది నొక్కుతారు. క్షణంలో మెయిల్ వచ్చేస్తుంది" అన్నాను. "నాకు మెయిలేటి తెల్సు?" అన్నారాయన. "మేం ఉన్నాం కదండీ, చూసి మీకు చెప్తాం" అన్నాను. ఆ మాట శ్రీధర్ కాదు, నేనే అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. బోర్డు మీద కూడా వెబ్‌సైట్ పేరే రాయించండి, కంపెనీవాళ్ళు చూస్తే దర్జాగా ఉంటుంది అని శ్రీధర్ సలహా పారేశాడు. పూర్ణా మార్కెట్ నుంచి పెయింటర్ వచ్చి, ఇరవై ఏళ్ళుగా అక్కడున్న రెండు నంబర్ల మీదా, వాటి కింది వరసల మీదా నీలం రంగు పూశాడు. చదువుకున్నవాళ్ళం చెప్పామని నూకరాజు గారు తలొంచారు గాని, ఎర్ర అక్షరాలను మాత్రం తుడవనివ్వలేదు. అలా ఆ బోర్డు మీద ఆఖరికి రెండే మిగిలాయి. పైన మేం పెట్టిన వెబ్‌సైట్ పేరు, కింద ఆయన ఇచ్చిన మాట.

ఆ వేసవిలో, సముద్రంలో చేపల వేటకు ఏటా ఉండే నిషేధం మొదలవడానికి ముందు చివరి వారం. ఒక సోమవారం పదకొండు గంటలకు ఆఫీసు మెయిల్ తెరిచాను. ఫారం నుంచి ఒక ఉత్తరం వచ్చి ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు. 'మా కోల్డ్ రూము మిషను ఆగిపోయింది. లోపల రొయ్యలు ఉన్నాయి. అంకుల్‌ని వెంటనే పంపండి. పైడితల్లి, ఇంటర్ సెకండియర్.' ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పంపింది. ఆదివారం మా ఆఫీసుకు సెలవు. షెడ్డుకు ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తేలోగా నూకరాజు గారే మెట్లెక్కి వచ్చారు. చొక్కా అంతా తడిసి ఉంది. సోమవారం తెల్లారి షెడ్డు తీస్తే గుమ్మంలో మనుషులు కూర్చుని ఉన్నారట. ఆయన వెళ్ళేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదట.

శ్రీధర్ కంప్యూటర్ వైపు చూసి, "ఫారం పనిచేసింది కదండీ. మెయిల్ వచ్చింది కదా. మన వైపు తప్పేం లేదు" అన్నాడు. ఆ ముక్క విన్నప్పుడు నా కడుపు రగిలిపోయింది. ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ రగులుతోంది. నూకరాజు గారు అతని ముఖం కూడా చూడలేదు. నాతో "నువ్వు రా" అన్నారు. స్కూటర్ వెనక కూర్చున్నాను.

ఆ కోల్డ్ రూము పోలమ్మది. యారాడలో చేపలు పట్టే కుటుంబం. మరుదుల బోట్లు తెచ్చిన రొయ్యలు నిలవ ఉంచడానికి ఆ ఏడాదే రేవు దగ్గర ఆ గది అద్దెకు తీసుకుంది. నిషేధం ముందు చివరి సరుకు అది. వేట లేని రోజుల్లో ఆ ఇళ్ళలో పొయ్యి వెలగాలంటే అదే ఆధారం. గది తలుపు తీసి ఉంది. వాసనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గులాబీ రంగు నీళ్ళు గుమ్మం దాటి కారుతున్నాయి. నా వయసుకు దగ్గర్లోనే ఉన్న పోలమ్మ కూతురు పైడితల్లి, తప్పు తనదే అయినట్టు గోడకు అతుక్కుని నిలబడింది.

"మిషను ఆగిపోతే నూకరాజు బావకి ఫోన్ కొట్టడమే కదా అనుకున్నామమ్మా" అంది పోలమ్మ. "నంబరు ఎవులూ రాసుకోలేదు. బోర్డు మీద ఉంటాది కదా, రాసుకోడం ఎందుకు? ఎల్లి సూస్తే షెడ్డుకి తాళం, బోర్డు మీద నంబరు లేదు. మా పైడితల్లి ఇంటర్నెట్‌కి పరిగెట్టింది. పావుగంట సంగీతం ఇనిపించినారంట. తరవాత ఏదో నొక్కితే జవాబొచ్చినాది అని ఒచ్చి సెప్పింది. 'అమ్మా, అందిందంట, బేగి వత్తారంట' అంది. వత్తారు కదా అని కూకున్నాం. రారని ఒక్క ముక్క తెలిస్తే ఐసు కొట్టించీసి పక్క రూములోకి ఎత్తీద్దుం కదమ్మా. దన్యవాదాలని రాసినావంట. ఏటికమ్మా దన్యవాదాలు?"

ఆ జవాబు ఎవరూ రాసింది కాదు, మిషను దానంతట అదే పంపేది. కానీ మాటలు నావి. 'ధన్యవాదాలు. త్వరలోనే మీ వద్దకు వస్తాం.' ఇంగ్లీషు సైట్లలో చూసి ముచ్చటపడి పెట్టాను. దాన్ని ఒకరు నమ్ముతారని, నమ్మి ఎదురుచూస్తారని నా ఊహకు రాలేదు. నూకరాజు గారు అప్పుడు నోరు విప్పారు. అరవలేదు. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నాను రాకపోతే అది నా తప్పు. నన్ను పిలవనీకుండా సేసినావు సూడు, అది నీ తప్పు. ఇరవయ్యేళ్ళ నుంచి వత్తానన్న రోజున ఎల్లకుండా లేను. ఇప్పుడు నా నోట్లో నీ అబద్దం పెట్టినావు."

ఆ సాయంత్రమే నన్నూ పైడితల్లినీ ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళారు. భూగోళం, వీణ, తెల్లవాడు అన్నీ పీకేశాను. బోర్డు మీద ఒకప్పుడు ఉన్నవి ఉన్నట్టు ఒక్క పేజీలో పెట్టాను. నూకరాజు గారు పైడితల్లిని కంప్యూటర్ ముందు కూర్చోమన్నారు. ఆ పిల్ల భయపడి వెనక్కి జరిగింది. "కూకో అమ్మా. నీకు దొరక్కపోతే తప్పు నీది కాదు, ఈవిడది" అన్నారు. నంబరు దొరికేదాకా నేను లెక్కెడతాను అని గట్టిగా మొదలెట్టారు. మొదటిసారి తొమ్మిది దాకా వచ్చారు. "ఎక్కువ. మళ్ళీ సెయ్" అన్నారు. అక్షరాలు పెంచాను, ఫొటో తీసేశాను. అయిదన్నారు. ఇంకా ఎక్కువే అన్నారు. సెంటర్‌లో కుర్రాళ్ళంతా మా వైపు చూస్తున్నారు. ఆఖరికి పేజీ తెరుచుకోగానే పైడితల్లి వేలు నంబరు మీదకు వెళ్ళింది. ఆయన నోట "ఒకటి" కూడా పూర్తి కాలేదు. "ఇప్పుడు ఆ నంబరుకి ఫోన్ కొట్టి సూడు. మోగాల" అన్నారు. బయట ఎస్టీడీ బూత్ నుంచి చేశాను. ఆనందపురంలో ఆయన భార్య ఎత్తి, ఎవరు, ఎక్కడ ఆగిపోయింది అని అడిగింది. ఆ ఇంట్లో ఫోన్ ఎత్తి పలికే మొదటి మాట అదేనట.

మర్నాడు నిచ్చెనేసుకుని బోర్డు ఆయనే మళ్ళీ రాసుకున్నారు. వేట మళ్ళీ మొదలయ్యాక ఆ సీజనంతా పోలమ్మ గది ఆయనే కనిపెట్టి చూశారు. శ్రీధర్ నా కొత్త పేజీ చూసి, ఇది సైటా కరపత్రమా అని ఎగతాళి చేశాడు. రెండు నెలలకు ఆ ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాను. నూకరాజు గారు నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు, క్షమించానని కూడా చెప్పలేదు. ఎవరైనా సైట్ కావాలంటే మాత్రం, "ఆ పాప దగ్గరికెల్లు. ఒకసారి తప్పు సేసింది, మళ్ళీ సెయ్యదు" అని నా దగ్గరకు పంపేవారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆదివారం ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మాట ముద్దగా ఉంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని చెప్పారు. నేను ఏడుపు ఆపుకుంటూ ఏదో అనబోతే, అడ్డుపడ్డారు. "అది తరవాత. ముందు నా పేజీలో, నాను ఇంక రాలేనని రాసీ. పైన రాయి, పెద్దగా. ఎవులూ నా కోసం ఆగిపోకూడదు." ఆయన లైన్లో ఉండగానే రాశాను. చదవమన్నారు, చదివాను. ఆనందపురంలో మనవడి చేత పేజీ తెరిపించి, తనే లెక్కెట్టుకుని, అప్పుడు పెట్టేశారు.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాళ్ళకు అన్నీ కావాలి. కదిలే బొమ్మలు, మాట్లాడే బొమ్మలు, చెయ్యూపే బొమ్మలు. నంబరు ఎక్కడ పెట్టాలి అంటే ముఖం చిట్లిస్తారు. నాకు కోపం వస్తుంది, దాచుకోను. మీ ఫోన్ మీరు ఎత్తరా అని అడుగుతాను. ఎత్తం అన్నవాళ్ళకు ఇంకో దారి చూసుకోమని చెప్తాను. చేసిన ప్రతి సైటునూ నాకు పరిచయం లేని ఒకరి ముందు పెట్టి, మనసులో లెక్కపెడతాను. తర్వాత వీధిలోకి వెళ్ళి ఆ నంబరుకు ఫోన్ చేస్తాను, మోగితేనే అప్పగిస్తాను. ఫ్రిజ్ కంపెనీ మనిషి ఇంతవరకు రాలేదు. వాళ్ళ ధన్యవాదాలు ఫోన్లో అలాగే ఉన్నాయి. రొయ్యలు పారబోసి, గిన్నెలు కడిగి, నూకరాజు గారి పేజీ తెరిచాను. ఆయన పోయి ఆరేళ్ళయినా, అది ఇంటర్నెట్‌లో ఉండడానికి ఏటా అద్దె నేనే కడుతున్నాను. నంబర్లు తీసేశాను, ఎర్ర అక్షరాలు కూడా తీసేశాను. పైన ఆయన చెప్పించిన మాట ఒక్కటే ఉంది. 'నూకరాజు ఇంక రాలేడు. ఆగకండి, వేరేవాళ్ళను పిలవండి.'