జానీ మియా కువైట్ లెక్క

కొత్తగూడెం స్టేషన్ ఎదురుగా నాదో టీ హోటల్. జానీ మియా పదహారేళ్లు కువైట్‌లో ఒక సేటు ఇంట్లో కారు నడిపి, తిరిగొచ్చి ఇక్కడ ఆటో కొనుక్కున్నాడు. అక్కడున్నన్నాళ్లూ సోడా తాగాలన్నా ధరను రూపాయల్లోకి మార్చి చూసుకుని, గుండె గుభేలుమని మానుకునేవాడట. ఇక్కడికొచ్చాక ఆ అలవాటే తిరగబడింది. ప్రతిదాన్నీ దీనార్లలోకి మారుస్తాడు. నా టీ వాళ్ల చిల్లర పైసల్లో ఎన్ని ఫిల్సులో చెప్పందే గ్లాసు ముట్టడు. నాకు ఒళ్లు మండేది. మంచి గిరాకీ వేళ అతను నోరు తెరవగానే జనం ఒక్కొక్కరే జారుకునేవారు.

క్రీస్తుదాసు ఒక్కడే కదిలేవాడు కాదు. బొగ్గుబాయిలో పని అతనిది. ఊరు దాటి ఎరగడు.

"పెట్రోలు లీటరుకు పది రూపాయలు పడదు దాసన్నా అక్కడ. ఈడ యాభై దాటింది. జీతం మీద పైసా పన్ను లేదు!"

"అవ్ మియా, పన్ను లేదు. మరి ఓటున్నదా నీకక్కడ? నాకు కంపెనీ క్వార్టరున్నది, కరెంటున్నది, దవాఖానా ఉన్నది. నల్లా రాకుంటే ఆఫీసు ముంగట కూసొని లొల్లి జేస్త."

"అక్కడ నల్లా ఆగదు. లొల్లి ఎందుకు జేస్తం?"

రోజూ ఇదే గొడవ. పైకి కసురుకునేవాణ్ని గానీ, ఇద్దరి గ్లాసుల్లో ఇంకాస్త టీ పోసేవాణ్ని. ఎందుకంటే జానీ మియా ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు. పిల్లలు లేరు. అతను కువైట్‌లో ఉండగానే భార్య రహీమున్నీసా పోయింది. రోజు మొత్తంలో అతను మనసు విప్పి మాట్లాడేది ఆ కాసేపే.

కొన్నేళ్లకు క్రీస్తుదాసు రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి, భార్య విశ్రాంతమ్మ పుట్టింటివాళ్లున్న తల్లాడలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆ తర్వాత జానీ మియా వచ్చేవాడు, తాగేవాడు, పోయేవాడు. లెక్క లేదు, గొడవ లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే కదిపాను.

"టీ ఎన్ని ఫిల్సులు మియా?"

"ఏమో దూలయ్యా" అన్నాడు.

ఒక ఆదివారం పట్టుబట్టి అతన్ని తల్లాడ బస్సెక్కించి, నేనూ ఎక్కాను. మళ్లీ ఒక్కసారి ఆ ఇద్దరూ పోట్లాడుకుంటే చాలనిపించింది.

క్రీస్తుదాసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. జానీ మియా కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"పెట్రోలు మళ్ల పెరిగింది దాసన్నా. అదే కువైట్ల అయితే..."

అని ఆగి, జవాబు కోసం ఆశగా చూశాడు.

"నువ్వు చెప్పిందే నిజం మియా" అన్నాడు క్రీస్తుదాసు నీరసంగా. "ఈడ తాగే నీళ్లకు క్యాను కొనాలె. కిరాయి, కరెంటు బిల్లు. జరమొస్తే ప్రైవేటు డాక్టరు. కంపెనీ ఇచ్చినయి జూసి దేశమంత గట్లనే ఉంటదనుకున్న. మీ కువైటే నయం."

ఇన్నేళ్ల గొడవలో జానీ మియా గెలిచింది అప్పుడే. అతని ముఖం మాత్రం మాడిపోయింది.

"గట్ల ఒప్పుకుంటే ఎట్ల దాసన్నా?" అన్నాడు. "గంత మంచి దేశమైతే, రహీమున్నీసాకు మట్టి ఇయ్యనీకి నన్నెందుకు పంపలే? నా పాస్‌పోర్టు సేటు బీరువాల ఉండె. నీకు తెలుసు గద! గా ఒక్క మాట నువ్వంటే నేనెప్పుడో ఓడిపోతుంటి. ఎందుకనలే?"

క్రీస్తుదాసు తల వంచుకున్నాడు.

"ఓడిపోతే తెల్లారి హోటల్‌కు రావు గద మియా."

విశ్రాంతమ్మ తెచ్చిన టీ చల్లారిపోయింది. తిరుగు బస్సులో కండక్టర్ ఇచ్చిన టికెట్టును జానీ మియా అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. అది ఎన్ని ఫిల్సులో పైకి అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున అతని ముందు గ్లాసు పెట్టి, గొంతు సవరించుకుని అడిగాను.

"మియా, మరి ఓటున్నదా నీకక్కడ?"

అతను నా వైపు చూశాడు. కొద్దిగా నవ్వాడు కూడా.

"నీతోని కాదులే దూలయ్యా" అని, టీ తాగి, ఆటో దగ్గరికి వెళ్లిపోయాడు.