చరణం దాకా విన్నవాళ్ళు

ఆషాఢ శుద్ధ పంచమి, మంగళవారం, పగలు మూడున్నర. ఎప్పటిదో ఆ పూట మొన్న గుడివాడలో ఒక పెళ్ళిలో మళ్ళీ నా ముందుకొచ్చి నిలబడింది. ఆ పెళ్ళికి మేళగాళ్ళు లేరు. మండపం పక్కన స్పీకరు పెట్టె ఉంది. పంతులుగారు వేలు ఎత్తగానే పెళ్ళికొడుకు బావమరిది ఫోను నొక్కాడు, గట్టిమేళం మోగింది. తాళి పడగానే మళ్ళీ నొక్కాడు, ఆగింది. ముందు వరసలో కూర్చున్న నా చేతులు మాత్రం మోకాళ్ళ మీద దరువు వేస్తూనే ఉన్నాయి. ఒక వయసంతా డోలు వాయించిన చేతులు. చెప్తే వినవు.

నేను డోలు పట్టింది కోటయ్య మావయ్య పక్కన. మావయ్యంటే చుట్టరికం కాదు, అందరూ అలాగే పిలిచేవారు. చల్లపల్లిలో ఉండేవాడు. సన్నాయి విద్వాంసుడు. ఆయన సొంతంగా కీర్తనలు కట్టేవాడన్న సంగతి మాత్రం జనానికి తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు కూడా. వాటిలో ముఖారి రాగంలో కృష్ణమ్మ మీద కట్టింది ఒకటుంది. పల్లవిలో నది బయల్దేరుతుంది, అనుపల్లవిలో దివిసీమ పొలాలు తడుపుతుంది, చరణంలో హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చరణం మీదే ఆయన ప్రాణం. పెళ్ళిలో ఆ కీర్తన ఎత్తుకుంటే అనుపల్లవి అయ్యేసరికి ముహూర్తం దగ్గరపడేది, పంతులుగారి వేలు లేచేది. రాగం ఎక్కడుంటే అక్కడ తెంచి గట్టిమేళం కొట్టాలి. తాళి కట్టే వేళ చెడ్డమాట చెవిన పడకూడదు కదా. ఆ తర్వాత జనం అక్షింతలు వేసి భోజనాలకు లేచేవారు. ఇంక చరణం ఎవరికి? ఒకసారి బందరులో సభవాళ్ళు పిలిస్తే సంబరపడ్డాం. అక్కడ ముఖ్య అతిథి కారు వచ్చిందని ఆపించారు. ఆయన కృష్ణమ్మ ఎక్కడా సముద్రం చేరలేదు. నాకు ఒళ్ళు మండేది. ఆయనేమో, "పెళ్ళికి మనం వచ్చాంరా, మన కోసం పెళ్ళి రాలేదు" అనేవాడు.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. అప్పటికే నేను ముగ్గురు పిల్లల తండ్రిని. మాట ఎక్కడ విరుగుతుందో తెలియకుండా దెబ్బ వేస్తే పాట నడుం విరుగుతుందని ఆయన వాదన. పలకా బలపం లేవు, చల్లపల్లి బస్టాండే మా బడి. బోర్డు నేను చదివితేనే బస్సు ఎక్కాలి, ఎవర్నీ అడగకూడదు. ఒకరోజు ముహూర్తానికి వెళ్తూ, "గు... డి..." అంటున్నాను.

"డోలు మీద లేని నిదానం ఇక్కడొచ్చిందే అల్లుడూ. కానియ్, ఇంకో రెండున్నాయి."

మూడో అక్షరం దగ్గర నేనుండగానే బస్సు వెళ్ళిపోయింది. పెళ్ళివారు నానా మాటలూ అన్నారు. అన్నీ ఆయనే పడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ బోర్డు చూపించాడు, సిగ్గులేని మనిషి.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన ముందు పళ్ళు కదిలాయి. చిగుళ్ళు చీము పట్టాయి. తీయించాల్సిందే అన్నారు. ముందు పళ్ళు లేకపోతే సన్నాయి పీక పెదాల్లో నిలవదు. ఆషాఢం దాకా ఆగాడు. ఆ నెల పెళ్ళిళ్ళుండవు, ఎవరి ముహూర్తమూ చెడదు. సన్నాయి తీసుకున్నాడు, నన్ను డోలు తెమ్మన్నాడు. పంటి డాక్టరు దగ్గరికి డోలేంటని తిట్టాను. బందరు బస్సులో కండక్టరు కూడా, "ఆషాఢంలో పెళ్ళేంటి మావయ్యా?" అన్నాడు.

"పెళ్ళి కాదబ్బాయ్, అప్పగింతలు. ఈ పళ్ళని డాక్టరమ్మ చేతిలో పెట్టి రావాలి."

వెళ్ళేసరికి అక్కడ కరెంటు లేదు. వరండాలో బల్ల మీద అప్పటికే పళ్ళు తీయించుకున్న ముగ్గురున్నారు, బుగ్గలు వాచి, నోట్లో దూది పెట్టుకుని. కరెంటు వచ్చేదాకా కూర్చోమని చెప్పడానికి డాక్టరమ్మ బయటికొచ్చింది. మావయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మా, పళ్ళు తీశాక ఇది నాకు పలకదు. ఒక్క కీర్తన, చరణం దాకా వాయించుకుంటాను."

"మా చర్చిలో పాట ఎత్తుకుంటే ఆఖరి చరణం దాకా ఆపమండీ. కానివ్వండి" అందావిడ.

పల్లవి అయింది. అనుపల్లవి సగంలో ఉండగా కరెంటు వచ్చింది. ఫాన్లు తిరిగాయి. కాంపౌండరు పరుగున వచ్చి మావయ్య పేరు పిలవబోయాడు. డాక్టరమ్మ వేలు ఎత్తింది. ఆ వేలు చూసి నా చేతులు బిగుసుకున్నాయి. ఎత్తిన వేలికి గట్టిమేళం కొట్టడం ఒక్కటే వాటికి తెలుసు. మావయ్యా చూశాడు, ఊపిరి తడబడింది. ఆవిడ ఆ వేలు తీసుకెళ్ళి పెదాల మీద పెట్టుకుంది, మాట్లాడొద్దని కాంపౌండరుకి.

అప్పుడు మావయ్య కళ్ళు మూసుకుని చరణం ఎత్తుకున్నాడు. నది నెమ్మదించింది, వెడల్పయింది, ఎక్కడ ఏరో ఎక్కడ సముద్రమో తెలియలేదు. అన్నేళ్ళు పక్కన కూర్చున్నవాణ్ణి, జనం మధ్య దాన్ని నేనూ అదే మొదటిసారి వినడం. ఆపాక సన్నాయి పీక మీద నెత్తురుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక చేయి అందరికీ బుగ్గ మీదే ఉంది. మావయ్య పీక తుడిచి జేబులో వేసుకుని, రోగుల పేర్లు రాసిన గోడ పలక వైపు చూపించాడు.

"చదవరా అల్లుడూ. నా చరణం ఎవరు విన్నారో నాకు తెలియాలి."

తడుముకోకుండా చదివాను. ఆయన తలూపి లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆయన సన్నాయి పట్టలేదు. ఇప్పుడు ఆయనా లేడు. ఎవరైనా పాట ఎత్తుకుంటే చరణం అయ్యేదాకా నేను లేవను. బంతి భోజనం తప్పిపోయినా లేవను, మా ఇంటివాళ్ళు విసుక్కుంటారు. మొన్న గుడివాడలో ఆ పెట్టె నోరు మూశాక కూడా అలాగే కూర్చుని, ఆ పలక మీది పేర్లు మళ్ళీ మనసులో చదువుకున్నాను. పెడనలో కలంకారీ అద్దకం వేసే మంగమ్మ. కోర్టు గుమాస్తా శర్మగారు. నాగాయలంక రైతు సాంబయ్య. పలక మీద లేనివాళ్ళు డాక్టరమ్మ గ్రేస్ గారు, కాంపౌండరు యోహాను, డోలు మీద నాగులు అనే నేను. పలక మీద అందరికంటే కింద, కోటయ్య మావయ్య.